కెడీన్ వారం

ఆ ఏడు మార్చి నుంచి జూన్ దాకా నేను వారానికో ఆడమనిషిని. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకిచ్చిన పని అది. మా ఇన్వర్‌కార్గిల్ నెట్‌బాల్ జట్టు టెర్న్స్ ప్రతి శనివారం ఏదో ఒక ఊరి జట్టుతో ఆడేది. ఆ జట్టులో రింగులో బంతి వేసే పొడుగమ్మాయి ఎటు తిరుగుతుంది, మోచెయ్యి ఎక్కడ ఆనిస్తుంది, అలిసిపోతే ఏ కాలి మీద వాలుతుంది, ఇవన్నీ నేను వీడియోలు చూసి వంటపట్టించుకోవాలి. మంగళవారం, గురువారం సాయంత్రాలు ఛాతీకి జీఎస్, అంటే గోల్ షూటర్, అని రాసిన బిళ్ళ అంటించుకుని అచ్చం ఆ అమ్మాయిలా ఆడాలి. మావాళ్ళు నన్ను తోసి, నా మీదుగా ఎగిరి, నాతో విసిగిపోవాలి. శనివారం అసలు మనిషి ఎదురుపడితే, ఈమెతో మనకి ఎప్పటినుంచో పరిచయమే అనిపించాలి.

అలాంటి మగవాళ్ళం కొంతమంది ఉండేవాళ్ళం. మగవాళ్ళ నెట్‌బాల్ ఆడేవాళ్ళం, తలుపు చట్రాలకి నెత్తి కొట్టుకునేంత పొడుగున్నవాళ్ళం. మాకు పెట్రోలు ఖర్చులు ఇచ్చేవాళ్ళు, ఒక జాకెట్ ఇచ్చేవాళ్ళు. జట్టు ఫొటోలో మేము ఉండం. జట్టు పొరుగూరు వెళ్తే విమానంలో మాకు సీటుండదు. పగలు నేను మాంసం ఫ్యాక్టరీలో గొర్రె తొడలు కోసేవాణ్ణి. నా పక్క బల్ల దగ్గర పనిచేసే డగ్గీ టీ టైములో రోజూ ఒకటే ప్రశ్న వేసేవాడు.

"ఏమ్మా, ఈ వారం నీ పేరేంటి?"

చెప్పేవాణ్ణి. చెబితేనే వాడు టీ తాగనిస్తాడు.

టెర్న్స్ జట్టుకి గోల్‌కీపర్ మా అక్క రిపెకా. అంటే, నేను ఏ వేషం కట్టినా ఆ వేషాన్ని అడ్డుకునే మనిషి మా అక్కే. ఇన్వర్‌కార్గిల్ పక్కనున్న రేవు ఊరు బ్లఫ్‌లో మా ఇంట్లో మేము ముగ్గురం ఉండేవాళ్ళం, నాన్న, అక్క, నేను. మార్చి మధ్యలో నాన్న టీటీ పక్షుల దీవికి వెళ్ళిపోతాడు, మే ఆఖరు దాకా రాడు. ఆ దీవుల మీద పక్షిపిల్లల్ని పట్టి, ఈకలు పీకి, తినడానికి ఉప్పేసి బకెట్లకెత్తుకునే హక్కు తరతరాలుగా మాలాంటి కుటుంబాలకే ఉంది. ఆ హక్కుని మా ఇద్దరం నెట్‌బాల్ కోసం ఏడాదికేడాది వదిలేస్తున్నామని నాన్నకి గుర్రు.

ఆ ఏడు కూడా రేవులో ఆయన సామాను పడవలోకి అందిస్తుంటే మొదలుపెట్టాడు.

"అయితే ఈసారీ నేనొక్కణ్ణే అన్నమాట."

"ఆట ఉంది కదా నాన్నా," అన్నాను.

"పక్షులు మీ ఆట చూసుకుని పొదగవురా. అక్కడ గుడిసెలో నేను గాలితో మాట్లాడుకోవాలి. అది నా మాట వినదు, మీలాగే."

అక్క ఉప్పు సంచి ఆయన భుజానికెత్తింది. "ఈ ఒక్క ఏడు ఓర్చుకో నాన్నా. దేశం జట్టులో నా పేరొస్తే వచ్చే ఏడు నీ బకెట్లన్నీ నేనే మోస్తా."

"పోయినసారీ ఇదే అన్నావు. అంతకు ముందుసారీ ఇదే అన్నావు."

"అంటూనే ఉంటా. రానీ, అప్పుడు మానేస్తా."

అక్క నవ్వుతూనే అంది కానీ, ఆ మాటలో నవ్వులాటేమీ లేదు. ఆమెకి ముప్ఫై నాలుగు. దేశం జట్టుకి రెండుసార్లు అదనపు మనిషిగా పిలిచారు. రెండుసార్లూ పక్కన కూర్చోబెట్టి పంపేశారు, దేశం తరఫున ఆడినవాళ్ళకే దక్కే ఆ నల్ల డ్రెస్సు ఒంటి మీద పడలేదు. ఆ ఏడు పెద్ద పోటీలున్నాయి. మా సీజన్ ఫైనల్ అయిన వారానికి పేర్లు చదువుతారు. ఇంకో ఏడు ఆగే వయసు అక్కకి లేదు.

నెట్‌బాల్‌లో ఎవరి హద్దులు వాళ్ళకుంటాయి. గోల్‌కీపర్ తన చివరి భాగం దాటి వెళ్ళకూడదు, ఆమె కాపు కాసే షూటరూ వెళ్ళకూడదు. బంతి అటు చివరికి పోయిందంటే జనమంతా దాని వెనకే పోతారు, ఇటు చివర ఆ ఇద్దరే మిగులుతారు. మా అక్కా నేనూ ఇంటి సంసారం మొత్తం అక్కడే నడిపేవాళ్ళం. ఫ్యాక్టరీ, ప్రాక్టీసు, జిమ్ము వీటి మధ్య మాకు తీరిగ్గా మాట్లాడుకునే చోటు ఇంకోటి ఉండేది కాదు.

"కట్టెలవాడికి ఫోన్ చేశావా?" అని అడిగేది, కళ్ళు మాత్రం అటు చివర ఉన్న బంతి మీదే.

"రేపు చేస్తా."

"పోయిన గురువారం నుంచి నీ రేపు రాలేదు. ఇల్లు ఐసుగడ్డలా ఉంది."

"ఐసు పెట్టుకుని కూర్చునేది నువ్వేగా, నీకేం తేడా తెలుస్తుంది?"

"నోర్ముయ్యి." ఈసారి కళ్ళు బంతి మీంచి తిప్పి మరీ చూసింది. "పళ్ళు రాలగొడతా. ఎవరైనా వింటే?"

ఐసు సంగతి నిజమే. రాత్రి భోజనమయ్యాక అక్క గడ్డకట్టిన బఠాణీల సంచి ఎడమ మోకాలి మీద వేసుకుని టీవీ ముందు కూర్చునేది. ఫిజియోకి కాస్త పట్టేసిందని చెప్పింది. నిలబెట్టి చేయించే పరీక్షలన్నీ దాటేసింది. ఎగిరినప్పుడు ఏమీ తెలియదు. ఎడమ కాలి మీద దిగి, వెంటనే తిరగాల్సొస్తే మాత్రం ఆ కాలు ఒక్క పిసరు ఆలోచించుకునేది. ఆ పిసరుని చిన్నప్పటి నుంచి పెరట్లో ఆమెతో తోపులాడిన నేను పట్టుకోగలను. బయటివాళ్ళు పట్టుకోలేరు.

మొదటి నెలంతా బానే గడిచింది. నేను ఒక వారం వెల్లింగ్టన్ నుంచి వచ్చిన మొండిపిల్లని, ఇంకో వారం క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చిన సుకుమారిని. టెర్న్స్ గెలుస్తూనే ఉంది. అక్క అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. ఏప్రిల్ ఆఖర్లో కోచ్ లోరెన్ నాకు కొత్త వీడియోలు పంపింది. ఆక్లండ్ జట్టుకి జమైకా నుంచి వచ్చిన కెడీన్ బ్రాడీ. ఆ శనివారం సెలెక్టర్లు మా ఊరొస్తున్నారు. కెడీన్‌ని రిపెకా ఆపగలదా లేదా అన్నదే వాళ్ళకి కావాలి.

ఇంట్లో సోఫా మీద ఇద్దరం కూర్చుని ఆ వీడియోలు చూశాం. కెడీన్ రింగు కింద కదలకుండా నిలబడుతుంది, వెనకున్న గోల్‌కీపర్‌ని నడుంతో పట్టి ఉంచుతుంది, బంతి గాల్లోకి లేచాక ఆఖరి ఘడియలో ఒక్క అడుగు పక్కకి జారుతుంది. అంతే. అంత పెద్ద మనిషి అంత చిన్న అడుగేస్తుందని ఎవరూ అనుకోరు.

"ఎటు?" అంది అక్క.

"ఎడమకి."

"ప్రతిసారీనా?"

"ఆఖరి అడుగు ప్రతిసారీ ఎడమకే."

అక్క ఇంకో నాలుగైదు బంతులు చూసింది. తర్వాత టీవీ కట్టేసి, "ఏవీ, గోళ్ళు చూపించు," అంది. మ్యాచ్ ముందు అంపైర్లు ఆటగత్తెలందరి గోళ్ళూ తడిమి చూస్తారు, పొడుగుంటే ఆడనివ్వరు. ప్రాక్టీసుకీ ఆ నియమం ఉంది. కత్తి పట్టి పట్టి నా కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి, గోళ్ళ కత్తెర నిలవదు. అందుకని అక్కే కింద పేపర్ పరిచి కత్తిరించేది. "ఈ గోళ్ళతో పెళ్ళాం ఎలా దొరుకుతుందిరా నీకు? గొర్రెలు కూడా జడుసుకుంటాయి," అని తిట్టుకుంటూ కత్తిరించేది. ఆ రాత్రి ఏమీ తిట్టలేదు.

మంగళవారం ప్రాక్టీసులో బంతి అటు చివరికి వెళ్ళగానే ఆమే అంది.

"ఈ వారం నా ఎడమ పక్కకి రాకు."

"కెడీన్ అటే వస్తుందక్కా."

"నాకు తెలియకనా? చూడు, శనివారం ఒక్కరోజు నేను దిగగలను. గంటసేపు. ఈ కాలిలో ఎన్ని దూకులు మిగిలాయో నాకు తెలుసు. వాటిని నీ మీద ఖర్చు పెట్టుకోలేను. నువ్వు ఎటు జారినా నాకు ఒరిగేదేం లేదు, ఆమె అడుగు నాకు కంఠతా వచ్చేసింది."

"లోరెన్ చూస్తే?"

"లోరెన్ ఈ వారమంతా మన షూటర్ల చివర ఉంటుంది. ఇటు చూడదు."

ఆమె చెప్పింది నాకు సబబుగానే తోచింది. మంగళవారమంతా కుడికే జారాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొస్తూ కారులో అక్క పాటలు పెట్టింది, దారిలో చీజ్ రోల్స్ కొనిపెట్టింది. "కట్టెలు" అని ఒకసారి గుర్తుచేసి, "గాడిదా" అని కూడా అంది. నాకు చాలా సంతోషమేసింది.

గురువారం లోరెన్ ఇటు చివర కుర్చీ వేసుకుని కూర్చుంది.

లోరెన్ కేకలు పెట్టే కోచ్ కాదు. ఆవిడ ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పింది, ఇప్పటికీ అలాగే మాట్లాడుతుంది. నేను రెండు బంతులకి కుడికి జారాక విజిల్ వేసింది.

"టియోనే, ఇప్పుడు నువ్వెవరు?"

"కెడీన్‌ని, కోచ్."

"నేను చూసిన కెడీన్ అటు వెళ్ళదు. మళ్ళీ ఆడండి."

బంతి లేచింది. నేను మళ్ళీ కుడికే జారాను, అలవాటైన దారిలో కాలు పోయినట్టు. మళ్ళీ విజిల్ పడింది. ఈసారి అందరూ ఆగిపోయారు. పక్క గోడ దగ్గర నీళ్ళు తాగుతున్న టెస్ కూడా సీసా దించింది. టెస్ అక్క స్థానానికి రెండో మనిషి, ఇంకా యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల.

"వీడియోలు చూడ్డానికి నీకు తీరిక లేకపోతే చెప్పు, తప్పేం లేదు," అంది లోరెన్. "ఇంకొకర్ని పిలుచుకుంటాను. కానీ శనివారం వీళ్ళ ఎదురుగా నిలబడేది నువ్వు కాదు. నీ వల్ల వీళ్ళు తప్పుడు ఆట నేర్చుకుని వెళ్తే, దానికి వీళ్ళు సమాధానం చెప్పుకోవాలి. కెడీన్‌లా ఆడతావా, బిళ్ళ ఇచ్చేస్తావా?"

నేను అక్క వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, బంతి పట్టుకున్న అమ్మాయి వైపు చూస్తోంది. గోల్‌కీపర్ చూడాల్సింది అటే. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఊపిరి తీసుకుంటోందనుకున్నాను.

బంతి లేచింది. నేను ఎడమకి జారాను.

అక్క ఎగిరింది, ఎడమ కాలి మీద దిగింది, తిరిగేసరికి నేను బంతి రింగులో వేసేశాను. లోరెన్ "ఊఁ, ఇదీ కెడీన్ అంటే, ఇంకోసారి," అంది. ఇంకోసారీ అంతే. ఆ తర్వాతి బంతికి అక్క ఎగరలేదు. ఉన్నచోటే నిలబడిపోయింది, నా నడుం మీద ఆనించిన చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఆ చెయ్యి బరువు పెరిగింది.

లోరెన్ విజిల్ వెయ్యలేదు. కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి, మోకాలి వైపు చూసి, మొహం వైపు చూసింది.

"ఎప్పటినుంచి?"

అక్క ఛాతీ మీదున్న జీకే అని ఉన్న గోల్‌కీపర్ బిళ్ళని పట్టి లాగింది, చర్రుమని ఊడొచ్చింది. దాన్ని టెస్ చేతిలో పెట్టి, గోడ దగ్గరికి నడిచి వెళ్ళి కూర్చుంది. టెస్ ఆ బిళ్ళ పట్టుకుని ఎవరైనా ఏమైనా అంటారేమోనని అందరి మొహాలూ చూసింది. ఎవరూ ఏమీ అనకపోతే తనే అంటించుకుంది. లోరెన్ నా వైపు తిరిగి, "కానివ్వు, కెడీన్," అంది. నేను మిగతా ప్రాక్టీసంతా టెస్‌తో ఆడాను.

ఇంటికి వచ్చేదారిలో అక్క గ్రీన్‌హిల్స్ దాటాక, "కట్టెలవాడికి నేను ఫోన్ చేశాను. రేపు దింపుతాడు," అంది.

"నేను చేద్దామనుకున్నా."

"పర్లేదు."

ఆ 'పర్లేదు' అన్న మాట అక్క నాతో అనడం అదే మొదలు.

సోమవారం స్కాన్ తీశారు. మోకాల్లో అరిగిపోవాల్సిందంతా అరిగిపోయిందని, ఇంకొక్క మ్యాచ్ గట్టిగా ఆడి ఉంటే కర్ర పట్టుకుని నడవాల్సొచ్చేదని డాక్టరు చెప్పాడు. సీజన్ అయిపోయింది, ఆ పైన ఆట కూడా అయిపోయినట్టేనన్నాడు. ఆ మాట ఎలా పాకిందో పాకింది, అందరూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. డగ్గీ తన చాక్లెట్ బిస్కెట్ నా కప్పు పక్కన పెట్టి, "అక్క కాలు కాపాడావు కదరా," అన్నాడు. లోరెన్ నా భుజం మీద చెయ్యేసి, "కష్టమైన పని చేశావు," అంది. వాళ్ళు మెచ్చుకున్నకొద్దీ నాకు ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపించింది. నేను ఎవర్నీ కాపాడదామనుకోలేదు. నన్ను కెడీన్‌లా ఆడమన్నారు, ఆడాను. అది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అయినా ఇంట్లో నా అడుగులు నాకే పెద్దగా వినపడేవి.

అంతకు ముందు శనివారం ఆక్లండ్ మ్యాచ్ ఓడిపోయాం, కానీ టెస్ బానే నిలబడింది. సెలెక్టర్లు చూడాల్సింది చూసుకుని వెళ్ళారు. స్కాన్ తీసిన వారమే అక్క, "నేను దీవికి వెళ్తున్నా," అంది. "నాన్నకి ఈకలు పీకడానికి మనిషి కావాలి. కూర్చుని చేసే పనే."

రేవుకి నేనే తీసుకెళ్ళాను. ఆమె సంచులు మోసి పడవలో పెట్టాను, పడవవాడితో గాలి ఎటునుంచి వీస్తోందో మాట్లాడాను, తాళ్ళు విప్పడానికి సాయం పట్టాను. నువ్వూ రాకూడదా అంటుందేమోనని ఆలస్యం చేశాను. అంటే పోయేవాణ్ణి కాదు, మంగళవారం ప్రాక్టీసుంది. అయినా అనాలనిపించింది. ఆమె టోపీ చెవుల మీదికి లాక్కుని, "ఫ్రిజ్‌లో సూప్ ఉంది," అని మాత్రం అంది.

ఇక ఇంట్లో నేనొక్కణ్ణే. మే అంటే మాకు చలికాలం మొదలు, బ్లఫ్‌లో ఐదింటికే చీకటి కమ్ముకొస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి పొయ్యి రాజేసి, పొయ్యి ముందు తినేవాణ్ణి. జట్టు పొరుగూరు వెళ్ళిన శనివారాల్లో టీవీలో మ్యాచ్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వారమంతా నేను కట్టిన వేషం అక్కడ అసలు మనిషిగా ఆడుతుంటే, నా భుజాలు వాటంతటవే కదిలేవి. ఒకసారి సోఫా మీంచి లేచి ఎడమకి జారాను కూడా. వెనక ఎవరూ లేరు. ఆ చలిలో, ఆ గదిలో నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోముకున్నాను.

ఆదివారాలు నాన్న దీవి మీద నుంచి శాటిలైట్ ఫోన్లో మాట్లాడేవాడు.

"మీ అక్క చెయ్యి తిరిగిందిరా. పీకడంలో మీ అమ్మని మించిపోయింది."

"కాలెలా ఉంది?"

"కుంటుతోంది. కానీ తింటోంది, నిద్రపోతోంది. సాయంత్రాలు నన్ను తెగ తిడుతోంది, గుడిసె గుడిసెలా లేదట."

"ఒకసారి ఇస్తావా?"

ఫోన్లో గాలి మోత. నాన్న ఎవరితోనో ఏదో అన్నాడు. "చేతులు పక్షి నూనెలో ఉన్నాయంటోందిరా. వచ్చే వారం."

వచ్చే వారమూ చేతులు నూనెలోనే ఉన్నాయి. నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ నాన్న తింటున్నాడనుకున్నాను. నవ్వులాటకి అనడం లేదు, నాకు ఆయన మీద నిజంగా కుళ్ళు పుట్టింది.

టెస్ మంచి పిల్ల. బంతి అటు చివరికి వెళ్ళినప్పుడల్లా నా వైపు తిరిగి, "ఇప్పుడు నేనెక్కడ ఆలస్యమయ్యాను?" అని అడిగేది. చెప్పేవాణ్ణి. "థాంక్స్ అన్నా," అనేది. ఆపైన ఇద్దరం నిశ్శబ్దంగా బంతి తిరిగొచ్చేదాకా నిలబడేవాళ్ళం. ఇంట్లో కట్టెల సంగతి ఆ పిల్లతో నేనేం మాట్లాడను? ఒకసారి ఉండబట్టలేక, "మీ ఇంట్లో పొయ్యి పొగ వేస్తుందా?" అని అడిగాను. టెస్ బిత్తరపోయి, "మాకు కరెంటు హీటరు," అంది.

టెర్న్స్ ఫైనల్‌కి వచ్చింది. ఎదుటి జట్టు మళ్ళీ ఆక్లండే. ఇంకో వారం నేను మళ్ళీ కెడీన్‌ని. ఆ వారం నేను ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. ఎడమకి జారడం, జారినట్టు భుజం ఆడించి ఆగడం, ఆగి మళ్ళీ జారడం, కెడీన్ దగ్గర ఉన్నదంతా టెస్‌కి రుద్ది రుద్ది పెట్టాను. గురువారానికి ఆ పిల్ల నా నుంచి వరసగా బంతులు లాక్కుంది.

నాన్న, అక్క శుక్రవారం దిగారు. ఇల్లంతా ఉప్పు, పక్షి కొవ్వు వాసన. నాన్న బకెట్లు చుట్టాల ఇళ్ళకి పంచడంలో పడ్డాడు. శనివారం అక్క తయారై వచ్చి, "నీకు టికెట్ ఎక్కడిచ్చారు?" అని అడిగింది.

"పైన. ఆఖరి వరస."

"నేనూ అక్కడికే వస్తా. కిందకి పిలిచారు గానీ, అందరూ నా కాలే చూస్తారు."

మేమిద్దరం ఒక నెట్‌బాల్ మ్యాచ్‌ని పక్కపక్కన కూర్చుని చూడటం అదే మొదటిసారి. హాలు కిక్కిరిసి ఉంది. మొదటి భాగం సగమయ్యేసరికి నాకు తెలియకుండానే నా భుజం ఆడటం మొదలైంది. కింద కెడీన్ నడుం బిగించగానే ఇక్కడ నేనూ బిగించాను. నా భుజానికి అక్క భుజం తగిలింది, నెట్టింది. నేను చూడలేదు, ఆమె చూడలేదు. కెడీన్ జారబోతోందనగా అక్క భుజం నన్ను ముందే అడ్డేసింది. టెస్ కన్నా ముందే. అలా ఆఖరి వరసలో కూర్చుని మేము మొత్తం మ్యాచ్ ఆడేశాం. ముందు వరసలో పెద్దాయన ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ గంట నేను సంతోషంగా ఉన్నాను. ఆ సీజన్ మొత్తంలో నాకు అలాంటి గంట ఇంకోటి లేదు.

ఆఖరి నిమిషంలో స్కోరు సమం. ఆక్లండ్ బంతి ఎత్తి వేసింది. కెడీన్ భుజం ఆడించింది, ఆగింది, ఎడమకి జారింది. టెస్ ఆమె కన్నా ముందే అక్కడుంది. బంతి టెస్ చేతుల్లో పడింది. హాలు లేచి నిలబడింది. అటు చివర మా షూటరు గోల్ వేసింది, గంట మోగింది, గెలిచాం.

అందరూ నిలబడి ఉండటంతో మాకు కోర్టు కనపడలేదు. ఇద్దరం కూర్చునే ఉన్నాం.

"అది నువ్వు నేర్పిందే," అంది అక్క.

"లోరెన్ నేర్పింది."

"భుజం అలా ఆడించి ఆగేది నువ్వు. కెడీన్ కూడా అంత బాగా ఆగదు." చప్పట్లు కాస్త తగ్గేదాకా ఆగింది. "ఆ గురువారం రెండో విజిల్ పడ్డాక నేనే చెప్పబోయాను. కాలు పోయింది, నేను ఆడలేను, టెస్‌ని పెట్టండి అని. నోరు తెరిచాను కూడా. ఈలోపు నువ్వు కదిలావు."

నాకు ఆ రోజు కొంచెం తెరుచుకుని ఉన్న ఆమె నోరు గుర్తొచ్చింది. "నువ్వు చెప్తావని నాకేం తెలుసు?"

"తెలీదు. నీకు తెలీదని నాకూ తెలుసు."

"అయినా అయ్యేది అదేగా. నువ్వు చెప్పినా నేను జారినా బిళ్ళ టెస్‌కే పోయేది."

"అవును, అయ్యేది అదే." అక్క తన చేతులు చూసుకుంది, ఈకలు పీకి పీకి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. "కానీ నేను చెప్పి దిగాల్సిన మెట్టురా అది. ఇన్నేళ్ళు ఆడాను, వెళ్ళిపోతున్నానన్న ఆ ఒక్క మాట నాది. నన్ను పట్టించి దింపారు. అది కూడా నువ్వు."

అంతలో లోరెన్ ఎవర్నో పంపింది, రిపెకాని కిందకి రమ్మంటున్నారని, ఫొటో తీస్తున్నారని. అక్క రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. కింద అమ్మాయిలంతా ఆమెని మధ్యలో నిలబెట్టుకున్నారు. ఎవరో ఆమె మెడలో పతకం వేశారు. నేను కారు వేడెక్కించడానికి బయటికి నడిచాను.

ఆ తర్వాతి వారం దేశం జట్టు పేర్లు చదివారు, టెస్ పేరుంది. అక్క అందరికన్నా ముందు ఆ పిల్లకి ఫోన్ చేసింది. జూలైలో డునీడిన్‌లో ఒక ఆడపిల్లల బడి వాళ్ళు గోల్‌కీపింగ్ నేర్పమని అక్కని పిలిచారు, ఒప్పుకుంది. ఈ మధ్యలో ఆమె నాతో మాట్లాడటం మానలేదు. కాలెలా ఉందంటే చెప్పేది, ఫ్యాక్టరీ ఎలా ఉందని అడిగేది, నేను వండితే బావుందనేది. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. నాన్నని మాత్రం పొద్దున్నే దులిపేసేది. ఆయన వంటింట్లోంచి తిట్లు తిని, నా వైపు చూసి కన్నుగీటేవాడు. ఆయనకేం తెలుసు.

ఆమె వెళ్ళే రోజు నేను ఫ్యాక్టరీ నుంచి సరాసరి వచ్చాను. నాన్న పడవ దగ్గరికి పోయాడు. పని బూట్లు వాకిట్లోనే విప్పాలన్నది మా ఇంట్లో అమ్మ నాటి చట్టం, అక్క దాన్ని అమ్మ కన్నా గట్టిగా అమలు చేసేది. నేను బూట్లు విప్పలేదు. బురదా నెత్తురూ ఉన్న ఆ తెల్ల రబ్బరు బూట్లతోనే వంటిల్లు దాటి, ముందుగదిలో తివాచీ మీదికి నడిచాను. ఆమె సంచుల జిప్పులు వేసుకుంటోంది. నడుం మీద చేతులు పెట్టుకుని తివాచీ మధ్యలో నిలబడ్డాను.

అక్క తివాచీ చూసింది, బూట్లు చూసింది, నా మొహం చూసింది. నేను తిట్టు కోసం ఎదురుచూశాను.

లోపలికెళ్ళి తడిగుడ్డ తెచ్చింది. మోకాలు వంగదు కాబట్టి సోఫా పట్టుకుని, ఒక కాలు చాపి కిందికి ఒరిగి, నా అడుగులన్నీ ఒక్కొక్కటే తుడిచింది.

"నేను తుడుస్తాలే అక్కా," అన్నాను.

"పర్లేదు టియోనే. అలిసిపోయి వచ్చావు."

గుడ్డ పిండి ఆరేసింది. బయట టెస్ కారు హారన్ వినిపించింది, డునీడిన్ దాకా ఆ పిల్లే దింపుతోందట. అక్క సంచులు తీసుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళింది. నేను తివాచీ మీద ఆ బూట్లతోనే చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు.